తుపాకుల నగరంలో సాయంకాలాలు

కోల్‌కతా అనగానే హౌరా వంతెన, కాళీఘాట్, దక్షిణేశ్వరం, విక్టోరియా మెమోరియల్, మట్టిపిడతలో తీపిపెరుగు మనవారికి స్ఫురించడం సహజం. ఎల్.టి.సి. మీద వెళ్ళివచ్చిన మన సహోద్యోగులకు వీటిని గురించి నేను కొత్తగా చెప్పవలసినది లేదు. ఒక యంత్రసామగ్రి తనిఖీ నిమిత్తం ఇటీవల ఆ నగరంలో పన్నెండు రోజులు ఉండవలసి వచ్చినప్పుడు, పని ముగిసిన సాయంకాలాలలోనూ రెండు ఆదివారాలలోనూ నేను వేరొక కోల్‌కతాను చూశాను. అది తుపాకులను తయారు చేసిన నగరం. ఒకప్పుడు తుపాకికి భయపడి సాయంకాలాలను పోగొట్టుకొని, మరల సంపాదించుకొన్న నగరం కూడా.

మన ఉద్యోగుల పిల్లలెందరో నేడు అమెరికాలో చదువుకొంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడి కాల్పుల వార్త వచ్చిన ప్రతిసారీ మన క్వార్టర్లలో ఏదో ఒక ఇంట ఫోను మోగుతుంది. "మావాడు క్షేమమే" అన్న మాట విన్న తరువాతగాని ఆ ఇంట ఎవరికీ అన్నం సహించదు. అందువలన ఈ విషయం దూరదేశపు వార్తగా మిగలలేదు. కోల్‌కతా వీథులలో తిరుగుతున్నంతసేపూ నా మనసులో మెదలిన ప్రశ్న ఒక్కటే: తుపాకి తన చోటు విడిచి వీథిలోకి వస్తే సామాన్యుడి దినచర్య ఏమవుతుంది?

డమ్‌డమ్: ఒక పేరు, రెండు వస్తువులు

విమానంలో వెళ్ళేవారు దిగేది డమ్‌డమ్‌లోనే. నేతాజీ పేరు పెట్టకముందు ఆ విమానాశ్రయాన్ని అందరూ డమ్‌డమ్ అనే వ్యవహరించేవారు. 'దమ్‌దమా' అంటే ఫిరంగులను నిలిపే మట్టిదిబ్బ. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇది బెంగాల్ ఫిరంగిదళానికి స్థావరం. 1857 జనవరిలో ఇక్కడి ఆయుధాగారంలో పనిచేసే ఒక కూలీ దాహమై ఒక బ్రాహ్మణ సిపాయిని చెంబు అడిగాడనీ, అతడు కులం పేరు చెప్పి నిరాకరించగా, "కొవ్వు పూసిన కొత్త తూటాలను పళ్ళతో కొరికినప్పుడు నీ కులం ఏమవుతుందో చూడు" అని కూలీ బదులిచ్చాడనీ చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఆ మాట దావానలంలా పాకింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్‌పాండే తుపాకి ఎత్తాడు. తరువాతి కథ మనకందరికీ తెలిసినదే.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ ఊరి పేరు ప్రపంచ నిఘంటువులకు ఎక్కింది. డమ్‌డమ్ ఆయుధాగారపు అధికారి కెప్టెన్ బెర్టీ క్లే తూటా కొనమీద లోహపు తొడుగును కొంత తొలగించి, లోపలి మెత్తని సీసం బయటపడేటట్లు చేశాడు. అటువంటి తూటా శరీరంలో దూరగానే కొన విచ్చుకొని గాయాన్ని పెద్దది చేస్తుంది. ఇంజనీరు దృష్టితో చూస్తే మార్పు చిన్నదే, ఒక కొనను సవరించడం మాత్రమే. ఫలితం ఎంత దారుణమంటే, 1899లో హేగ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం అటువంటి తూటాలను యుద్ధాలలో వాడరాదని ప్రకటించవలసి వచ్చింది.

ఇదే డమ్‌డమ్‌లో మరొక వస్తువు కూడా తయారయ్యేది. గ్రామఫోన్ కంపెనీవారి కర్మాగారం ఇక్కడే ఉండేది. కుక్క బొమ్మ ఉన్న హెచ్.ఎం.వి. రికార్డుల మీద చిన్న అక్షరాలతో డమ్‌డమ్ అని ఉండడం పాతతరం వారికి గుర్తుండవచ్చు. మన తెలుగు పాటలూ పద్యాలూ ఎన్నో ఇక్కడ ముద్రితమై మన ఇళ్ళకు వచ్చాయి. ఒకే ఊరి పేరు ఒక దేశంలో తూటాకూ, మరొక దేశంలో పాటకూ గుర్తుగా నిలవడం విచిత్రమే.

కాశీపూర్ ప్రహరీ

డమ్‌డమ్‌కు పడమరగా, హుగ్లీ నది ఒడ్డున ఉన్నది కాశీపూర్. భక్తులకు ఇది శ్రీరామకృష్ణ పరమహంస 1886 ఆగస్టు 16న మహాసమాధి చెందిన ఉద్యానగృహం ఉన్న చోటు. ప్రభుత్వరంగంలో పనిచేసే మనవంటివారికి మరొక విధంగా కూడా ఇది చూడదగిన స్థలం. ఈస్టిండియా కంపెనీ 1801లో ఇక్కడ ఫిరంగి బండ్లను తయారుచేసే కర్మాగారాన్ని నెలకొల్పింది. 1802 మార్చి 18న ఉత్పత్తి ప్రారంభమైంది. దేశంలోని ఆయుధ కర్మాగారాలన్నీ ఆ తేదీనే తమ దినోత్సవంగా జరుపుకొంటాయి. నేటి గన్ అండ్ షెల్ ఫ్యాక్టరీ ఆ సంస్థకు వారసురాలు. ఇంకా ఉత్తరాన ఇచ్ఛాపూర్‌లో రైఫిళ్ళ కర్మాగారం ఉంది. ఈ కర్మాగారాలన్నిటినీ నడిపిన బోర్డు ప్రధాన కార్యాలయం కూడా కోల్‌కతాలోనే ఉండేది. 2021 అక్టోబరు 1న ఆ బోర్డు స్థానంలో ఏడు ప్రభుత్వరంగ సంస్థలు ఏర్పడ్డాయి. మన ఎద్దుమైలారంలోని మెదక్ కర్మాగారం కూడా వాటిలో ఒకదానికి చెందినదే.

లోపలికి ప్రవేశం లేదు గనుక నేను చూసినది ప్రహరీగోడ మాత్రమే. ఆ గోడకు ఇవతల కూరగాయల బండ్లు, టీ దుకాణం, బడి విడిచి వస్తున్న పిల్లలు. రెండు శతాబ్దాలకు పైబడి గోడకు ఒక పక్క ఆయుధాలు, మరొక పక్క ఈ సంసారాలు. కర్మాగారాలలో పనిచేసినవారికి ప్రహరీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ముడిసరుకు రాక, తయారైన వస్తువు పోక, గేట్‌పాసు, తూకం, రిజిస్టరు, స్టాకు తనిఖీ ఇవన్నీ కలిసి ప్రహరీ అవుతాయి. ఇటుకల గోడ వాటికి గుర్తు మాత్రమే. ప్రతి గొట్టానికీ ఒక సంఖ్య, ప్రతి సంఖ్యకూ ఒక సంతకం ఉన్నంతకాలం గోడకు ఇవతల బండివాడు నిశ్చింతగా వంకాయలు తూచుకొంటాడు.

ఏడవ బండి

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో తెలుసుకోవడానికి నగరం నడిబొడ్డున ఉన్న డల్హౌసీ చౌకుకు పోవాలి. లాల్‌దిఘీ అనే చెరువు, దాని చుట్టూ పెద్ద తపాలా కార్యాలయం, ఎర్రని రైటర్స్ భవనం, బ్యాంకులు. దానికి దగ్గరలోనే వాన్సిటార్ట్ రో అనే చిన్న వీథిలో రోడ్డా కంపెనీ అనే ఆయుధ వ్యాపార సంస్థ ఉండేది. 1914 ఆగస్టు 26న ఆ సంస్థకు ఓడలో వచ్చిన 202 పెట్టెలను కస్టమ్స్ నుండి విడిపించి తేవడానికి శ్రీశ్ మిత్ర అనే గుమాస్తా వెళ్ళాడు. సరుకు ఏడు ఎడ్లబండ్లకు ఎక్కింది. ఆరు బండ్లు గోదాముకు చేరాయి. ఏడవ బండి సందులలో కలిసిపోయింది. గోదాము పుస్తకంలో 192 పెట్టెలే చేరినట్లు తేలింది. పోయిన 10 పెట్టెలలో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు ఉన్నాయి. మిగిలిన సరుకు తెస్తానని వెళ్ళిన గుమాస్తా మరల రాలేదు.

స్టోర్సు విభాగంలో పనిచేసిన మిత్రులు ఈ ఉదంతాన్ని ప్రత్యేకంగా గమనించగలరు. ఒక్క బండి సరుకు లెక్కలో తేడా వచ్చింది. ప్రభుత్వం నియమించిన రౌలట్ సంఘం 1918 నాటి తన నివేదికలో, ఆ పిస్తోళ్ళలో 44 వెంటనే తొమ్మిది విప్లవ బృందాలకు పంపిణీ అయినాయనీ, తరువాత జరిగిన 54 దోపిడీలలో, హత్యలలో, ఆ ప్రయత్నాలలో అవి ఉపయోగపడ్డాయనీ, 31 మాత్రమే తిరిగి దొరికాయనీ పేర్కొన్నది. 1915 సెప్టెంబరులో బాలాసోర్ దగ్గర బాఘా జతీన్, ఆయన అనుచరులు పోలీసులతో పోరాడినది కూడా మౌజర్ పిస్తోళ్ళతోనే.

ఆ యువకులు దేశ స్వాతంత్ర్యం కొరకు ప్రాణాలు ఒడ్డినవారు. వారి త్యాగాన్ని తూచడం ఈ వ్యాసానికి ఉద్దేశం కాదు. నేను గమనించినది వేరొకటి. 1930 డిసెంబరు 8న వినయ్ బసు, బాదల్ గుప్త, దినేశ్ గుప్త రైటర్స్ భవనంలో ప్రవేశించి జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్ సింప్సన్‌ను కాల్చినది ఆఫీసు వేళలో, గుమాస్తాలు తిరిగే వరండాలలో. 1932 ఫిబ్రవరి 6న బీనా దాస్ గవర్నరు జాక్సన్‌పై కాల్పులు జరిపినది విశ్వవిద్యాలయ స్నాతకోత్సవ సభలో. 1931 సెప్టెంబరు 16న ఖరగ్‌పూర్ దగ్గర హిజ్లీ నిర్బంధ శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరు నిర్బంధితులను చంపినప్పుడు, రవీంద్రనాథ ఠాగూరు వంటివారు బహిరంగసభలో నిలబడి నిరసించారు. కాల్చినవారు ఎవరైనా, కారణం ఏదైనా, కార్యాలయమూ సభామందిరమూ నిర్బంధ శిబిరమూ కూడా కాల్పుల స్థలాలైనాయి.

ఆ డల్హౌసీ చౌకు నేడు ఆ ముగ్గురి పేర వినయ్-బాదల్-దినేశ్ బాగ్. హిజ్లీ శిబిర భవనంలో 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. తూటాలు తగిలిన గోడల మధ్య తరగతులు నడిచాయి. మన సంస్థలో ఖరగ్‌పూర్ పట్టభద్రులు ఉన్నారు. వారికి ఈ సంగతి గర్వకారణం కావాలి.

సాయంకాలం పోయిన కాలం

కోల్‌కతాలో నాకు దారి చూపినవారు ఒక విశ్రాంత ఉద్యోగి, ఉత్తర కోల్‌కతాలో పుట్టి పెరిగినవారు. వయసు డెబ్బై దాటింది. నేను ఆయనను "దాదా" అనేవాడిని. ఆయన నన్ను "మశాయ్" అని పిలిచేవారు. ఒక సాయంకాలం బాగ్‌బజార్ ప్రాంతంలో ఒక పాత ఇంటి అరుగు మీద కూర్చున్నాము. ఇటువంటి వీథి అరుగును అక్కడివారు 'రోయాక్' అంటారు. ఆఫీసు నుండి వచ్చినవారు, పరీక్ష తప్పినవారు, ఫుట్‌బాల్ మీద వాదించేవారు, అందరూ చేరే చోటు అది. ఆ కబుర్ల సభ పేరే 'అడ్డా'. ఇది లేనిదే బెంగాలీ సాయంకాలం లేదు.

"1970, 71లలో ఈ అరుగు ఖాళీ మశాయ్," అన్నారాయన.

ఆ కాలపు సంగతులు మన తరం వారికి పేపర్లలో చదివిన జ్ఞాపకాలు. 1967 మే నెలలో ఉత్తర బెంగాల్‌లోని నక్సల్‌బరీలో మొదట ఒక పోలీసు అధికారి బాణపు దెబ్బకు చనిపోగా, మరునాడు పోలీసు కాల్పులలో స్త్రీలు, పిల్లలతో సహా 11 మంది మరణించారు. ఆ నిప్పు కోల్‌కతా కళాశాలలకు అంటుకొన్నది. 1970లో కాలేజ్ స్క్వేర్‌లోని ఈశ్వరచంద్ర విద్యాసాగరుని విగ్రహం తల తెగింది. 1970 డిసెంబరు 30న జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు గోపాల్ సేన్, పదవీవిరమణకు ఒక్కరోజు ముందు, విశ్వవిద్యాలయ ఆవరణలోనే హత్యకు గురయ్యారు. 1971 ఆగస్టు 12, 13 తేదీలలో కాశీపూర్-బరానగర్ పేటలలో అనేకమంది యువకులను వెదకి వెదకి చంపారు. రెండు శతాబ్దాలు ఆయుధాలు చేసిన ప్రహరీ ఉన్న పేట అదే.

ఆ కాలపు ఆయుధం కర్మాగారంలో పుట్టలేదు. నీటిగొట్టం ముక్కతో చేసిన 'పైప్‌గన్' అది. ఒక్కసారి ఒక్క తూటా మాత్రమే పేలుతుంది. గురి అంతంతమాత్రం, పేల్చినవాడి చెయ్యే పోయే ప్రమాదం కూడా ఉంటుంది. దానికి సంఖ్య లేదు, సంతకం లేదు, తనిఖీ లేదు. పైప్‌గన్నుకు తోడు నాటుబాంబు, కత్తి. వాటికి ఎదురు పోలీసుల రైఫిళ్ళు.

దాదా నెమ్మదిగా చెప్పసాగారు. "మీరు పుస్తకాలలో చచ్చిపోయినవారి సంఖ్య చదువుతారు. చావని మా సంగతి ఎవరూ రాయలేదు. చీకటి పడకముందే దుకాణాలు మూసేవారు. సినిమా రెండో ఆటకు వెళ్ళడం మానుకొన్నాము. ఈ పేట కుర్రవాడు ఆ పేటకు పోకూడదు, పోతే 'ఏ పాడా నీది?' అని అడిగేవారు. ఏ జవాబు చెబితే బతుకుతామో తెలియదు. నాన్నగారు ఆఫీసు నుండి వచ్చేదాకా అమ్మ కిటికీ దగ్గర నిలుచునేది. టైరు పేలిందా, బాంబు పేలిందా, తుపాకి పేలిందా అని చప్పుడును బట్టి మా చెల్లెలు చెప్పేది. దాని వయసు అప్పటికి ఏడేళ్ళు. ఆ విద్య దానికి ఎవరు నేర్పారో!"

అప్పుడు దాదా వయసు పదిహేడు. ఆ వయసు కుర్రవాడు ఇంట్లో ఉండడమే ప్రమాదం. ఒకవైపు స్నేహితులు రమ్మంటారు, మరొకవైపు పోలీసులు తలుపు తడతారు. కొడుకులను బయటి రాష్ట్రాలకు పంపివేసిన బెంగాలీ కుటుంబాలు అప్పట్లో ఎన్నో. దాదాను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మేనమామ దగ్గరకు పంపారు. రెండేళ్ళు అక్కడే చదివారు. "బాగున్నారా, భోజనం అయిందా" అన్న రెండు మాటలు ఆయన నాతో తెలుగులోనే అన్నారు. "విశాఖలో నాకు మొదట ఆశ్చర్యం కలిగించినది సముద్రం కాదు మశాయ్. రాత్రి తొమ్మిది గంటలకు ఆడవాళ్ళు పిల్లలను ఎత్తుకొని బీచి నుండి నడిచి ఇంటికి పోవడం."

ఆయన అలా అంటుండగా నాకు మన జిల్లా గుర్తుకు వచ్చింది. ఆయన విశాఖ తీరాన గాలి పీల్చుకొంటున్న రోజులలోనే, దానికి ఉత్తరాన శ్రీకాకుళం కొండలలో ఇదే కథ నడుస్తోంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పులలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు మరణించిన తరువాత అక్కడ సాయుధపోరాటం చెలరేగింది. 1970 జూలై 10న ఉపాధ్యాయులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం హతులయ్యారు. కోల్‌కతా తల్లి తన కొడుకును క్షేమం కోసం పంపిన ఊరికి కొద్ది దూరంలోనే గిరిజన తల్లులు తమ కొడుకుల కోసం కళ్ళు కాయలు కాచేలా చూశారు. క్షేమం అనేది ఊరిని బట్టి కాదు, ఆ ఊరి వీథిలో తుపాకి ఉందా లేదా అన్న దానిని బట్టి ఉంటుంది.

ఆ కాలపు బెంగాల్‌ను అర్థం చేసుకోగోరేవారు మహాశ్వేతాదేవి 1974లో వ్రాసిన 'హజార్ చురాశీర్ మా' నవల చదవాలి. శవాగారంలో కొడుకుకు ఇచ్చిన అంకె 1084. ఆ అంకెకు తల్లి అయిన స్త్రీ కథ అది.

పోయిన సాయంకాలం ఒక్కరోజులో తిరిగి రాలేదు. పోలీసు బలం, ఉద్యమంలోని చీలికలు, అలసట, అన్నీ కలిసి 1972 నాటికి కాల్పులు తగ్గాయి. 1977లో ప్రభుత్వం మారి రాజకీయ ఖైదీలు విడుదలయ్యారు. భయం పూర్తిగా చల్లారకముందే, 1972 డిసెంబరులో, నగరం భూగర్భ రైలుకు శంకుస్థాపన చేసుకొన్నది. 1984 అక్టోబరు 24న దేశంలోని మొదటి మెట్రో రైలు ఎస్‌ప్లనేడ్ నుండి భవానీపూర్‌కు నడిచింది. "మెట్రో తవ్వకాలలో మా వీథులు పదేళ్ళు గోతులమయమైనాయి. అయినా గోతిలో పడతామన్న భయం మాకు పెళ్ళివిందులా ఉండేది," అని దాదా నవ్వారు.

చౌరంగీ మీదుగా అమెరికాకు

మైదానానికి ఎదురుగా చౌరంగీ రోడ్డులో అమెరికన్ సెంటర్ ఉన్నది. పుస్తకాలు చదువుకోవడానికి, అమెరికా చదువుల వివరాలకు విద్యార్థులు వెళ్ళే చోటు. 2002 జనవరి 22 ఉదయం, కాపలా పోలీసులు డ్యూటీ మారే వేళ, మోటారు సైకిలు మీద వచ్చినవారు కాల్పులు జరిపారు. కాపలాలో ఉన్న పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. దాడి ఉద్దేశం ఏదైనా, బలి అయినది నెలజీతపు ఉద్యోగులు. షిఫ్టులలో పనిచేసే మనకు డ్యూటీ మారే వేళ అంటే ఏమిటో తెలుసు. ఇంటికి పోయే మనిషి ధ్యాస అప్పటికే ఇంటి మీద ఉంటుంది.

ఆ భవనం ముందు నిలబడినప్పుడు మన పిల్లలు ఉంటున్న దేశం కళ్ళముందు కదిలింది. ఆయుధాలు కలిగి ఉండే హక్కును ఆ దేశ రాజ్యాంగం 1791లోనే రెండవ సవరణ ద్వారా గుర్తించింది. 2018లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం అక్కడి పౌరుల వద్ద 39 కోట్లకు పైగా తుపాకులు ఉన్నట్లు అంచనా వేసింది. జనాభా కంటె తుపాకులే ఎక్కువ. 2021లో ఒక్క సంవత్సరంలోనే 48,830 మంది తుపాకి వలన మరణించారు. వీరిలో సగానికి పైగా ఆత్మహత్యలు అన్న సంగతి చాలామందికి తెలియదు. మనసు విరిగిన ఒక క్షణంలో చేతికి అందే దూరంలో తుపాకి ఉండడమే అక్కడ మరణకారణం.

మిగిలినవి మనం వార్తలలో చూసేవి. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మంది హతులయ్యారు. వారిలో తమిళనాడులో పుట్టి జలవనరుల ఇంజనీరింగు బోధిస్తున్న ఆచార్యులు ఒకరు. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు, 2022 మేలో యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు మరణించారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేతాలో పని ముగించుకొని సాయంకాలం స్నేహితునితో కూర్చున్న మన హైదరాబాదు ఇంజనీరును కాల్చి చంపారు. 2023 మేలో టెక్సాస్ రాష్ట్రం ఆలెన్‌లో దుకాణాల సముదాయానికి వెళ్ళిన తెలుగు యువతి, ఆమె కూడా ఇంజనీరే, బలి అయింది. బడి, తరగతి గది, బజారు, స్నేహితులతో సాయంకాలం. దాదా చెప్పిన జాబితా కూడా ఇదే కదా!

మా మేనకోడలి కొడుకు అక్కడ ఒకటవ తరగతి చదువుతున్నాడు. బడిలో నేర్పిన ఆట అంటూ ఒకసారి వీడియో ఫోనులో మాకు చూపించాడు. దీపం ఆర్పి, తలుపు గడియ వేసి, గోడ మూలన చప్పుడు చేయకుండా కూర్చోవాలి. "గెలిచేది ఎవరురా?" అని వాడి అమ్మమ్మ అడిగింది. "అందరం కదలకుండా ఉంటే అందరం గెలిచినట్టే అమ్మమ్మా," అన్నాడు వాడు. మా చెల్లెలు మాట మార్చి, అన్నం తిన్నావా అని అడిగింది. చప్పుడు విని తుపాకిని గుర్తుపట్టిన ఆ ఏడేళ్ళ కోల్‌కతా బాలిక నాకు అప్పటికి తెలియదు. తెలిసిన తరువాత వీరిద్దరినీ విడివిడిగా తలచుకోలేకపోతున్నాను.

భద్రతా సూత్రం ఏమంటుంది?

మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు మనమంతా ప్రతిజ్ఞ చేస్తాము. భద్రతా శిక్షణలో మొట్టమొదట నేర్పే సూత్రం, ప్రమాదాన్ని మూలంలోనే తొలగించాలి అని. అది సాధ్యం కాకపోతే దానిని కంచె వేసి వేరుచేయాలి. ఆ తరువాత పనివిధానాలు, హెచ్చరికలు. హెల్మెట్, చేతితొడుగులు అన్నిటికంటె చివరివి. బాయిలరు వాల్వు చెడిపోతే దానిని బాగుచేయకుండా పనివానికి మందపాటి చొక్కా ఇచ్చే ఇంజనీరును మనం ఏమంటాము?

చీకటిపడకముందే దుకాణం మూయడం, కొడుకును మేనమామ ఇంటికి పంపడం, బడిలో దీపం ఆర్పి కూర్చోవడం ఇవన్నీ హెల్మెట్లే. అవి అవసరమే, ఆ పూటకు ప్రాణం నిలబెడతాయి. అయితే ప్రమాదం ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంటుంది. దాని మూల్యం మాత్రం పసిపిల్లలు, తల్లులు, సాయంకాలాలు చెల్లిస్తాయి.

మన దేశం ఈ విషయంలో మూలాన్నే పట్టుకొనే మార్గం ఎంచుకొన్నది. 1878 నాటి ఆయుధాల చట్టం పరాయిపాలకులు మనలను నిరాయుధులను చేయడానికి తెచ్చినది. ఐరోపావారికి అందులో మినహాయింపు ఉండేది. స్వతంత్ర భారతం 1959లో అందరికీ సమానంగా వర్తించే కొత్త చట్టం చేసుకొన్నది. లైసెన్సు లేనిదే తుపాకి లేదు. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులు మూడు నుండి రెండుకు తగ్గాయి.

అంతమాత్రాన మనం నిశ్చింతగా ఉండరాదు. ముంగేర్ వంటి చోట్ల దొంగచాటుగా చేసిన పిస్తోళ్ళు నేటికీ బెంగాల్‌కు చేరుతూనే ఉన్నాయి. ఎన్నికల రోజులలో అక్కడి పల్లెలలో నాటుబాంబులు పేలుతూనే ఉన్నాయి. బంతి అనుకొని ముట్టుకొన్న పిల్లలు గాయపడిన వార్తలు చదువుతూనే ఉన్నాము. 1993 జూలై 21న ఊరేగింపుపై పోలీసు కాల్పులలో 13 మంది మరణించినది కోల్‌కతా నడిబొడ్డునే. ప్రహరీకి కాపలా ఒకరోజు పని కాదు.

అయినా జాతీయ నేర గణాంక సంస్థ 2022 లెక్కల ప్రకారం, ఇరవై లక్షలకు మించిన జనాభా గల మన మహానగరాలలో లక్ష జనాభాకు నమోదైన నేరాలు అతి తక్కువగా ఉన్నది కోల్‌కతాలోనే. ఒకప్పుడు చీకటికి జడిసిన నగరం దుర్గాపూజ నాలుగు రాత్రులూ తెల్లవార్లూ నడుస్తుంది. తాతలు, పసిపిల్లలు, కొత్తకోడళ్ళు పందిరి నుండి పందిరికి తిరుగుతారు. 2021లో యునెస్కో ఈ పండుగను మానవాళి వారసత్వ సంపదగా గుర్తించింది. జోడాసాంకోలో తుపాకుల వ్యాపారంతో 'బందూక్‌వాలా ఇల్లు' అని పేరుపడిన ఒక పాత భవంతి ఉన్నది. ఆ ఇంటి పూజలో సంధిపూజ వేళ ఒక చిన్న ఫిరంగిని పేలుస్తారట. ఆ చప్పుడుకు ఎవరూ తలుపులు మూసుకోరు, చేతులు జోడిస్తారు.

ఉద్యోగరీత్యాగాని విహారయాత్రకుగాని కోల్‌కతా వెళ్ళే మిత్రులు చూడవలసిన స్థలాల జాబితాలో ఒక సాయంకాలాన్ని కూడా చేర్చుకొనవలసిందిగా నా మనవి. దానికి టికెట్టు లేదు. ఉత్తర కోల్‌కతాలో ఏదో ఒక సందులో, దీపాలు పెట్టిన తరువాత, ఒక అరుగు పక్కన టీ తాగుతూ నిలబడితే చాలు. బడిపిల్లలు ట్యూషన్ల నుండి వంటరిగా ఇంటికి పోతుంటారు. వృద్ధులు ఫుట్‌బాల్ గురించి గట్టిగా పోట్లాడుకొంటుంటారు. ఏ కిటికీ దగ్గరా ఎవరూ నిలబడి ఉండరు.